ఓనరా? అప్పిచ్చినవాడా? డబ్బు పెట్టే ముందు తేల్చుకోండి!

నెల మొదటి వారంలో మూసాపేటలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒకటే ముచ్చట. జీతం పడింది, అద్దె కట్టేశాం, క్రెడిట్ కార్డు బిల్లు పోయింది. మిగిలిన నాలుగు రూపాయలు ఎందులో పెడదాం? పని హైటెక్ సిటీలో, కాపురం మూసాపేటలో. మా వీధిలో సగం మంది పరిస్థితి ఇదే. ఒకడు ఏదో షేరు పేరు చెప్తాడు, ఇంకొకడు 'సిప్ వేసెయ్ బ్రో' అంటాడు, మూడోవాడు ఫోన్ తీసి టెలిగ్రామ్ గ్రూపు చూపిస్తాడు.

మా పిన్ని కొడుకుదీ అదే బాపతు. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. ఖాతాలో 3 లక్షలు పోగేశాడు. పదహారు నెలల్లో మా చెల్లి పెళ్లి. అందులో 2 లక్షలు తాను పెడతానని బాబాయికి మాటిచ్చాడు. ఈలోపు ఆ 3 లక్షల్ని 6 లక్షలు చేయాలని వాడి ప్లాను.

"అన్నా, ఒక్క స్టాక్ పేరు చెప్పు చాలు" అన్నాడు.

"పేరు సంగతి తర్వాత. ముందు నువ్వు ఓనరువి అవుదామనుకుంటున్నావా, అప్పిచ్చేవాడివి అవుదామనుకుంటున్నావా? అది చెప్పరా" అన్నాను.

వాడు నా మొహం వంక చూశాడు. మీరు కూడా అలాగే చూస్తుంటే, ఈ వ్యాసం మీ కోసమే. షేర్లు, బాండ్లు, ఫండ్లు అని ఎన్ని పేర్లున్నా లోపల ఉన్నవి రెండే సంబంధాలు. మీ డబ్బు తీసుకున్నవాడికి మీరు భాగస్వామి అయినా కావాలి, అప్పిచ్చినవాడైనా కావాలి. ఆ రెండూ కాకపోతే అది పెట్టుబడి కాదు, వేరే ఏదో.

మెట్రో పిల్లర్ల కింద పాఠం

దీనికి పుస్తకాలు తిరగేయక్కర్లేదు. మూసాపేట మెట్రో స్టేషన్ కింద నిలబడి తల పైకెత్తితే చాలు. 2017 నవంబరు 29న మియాపూర్ నుంచి నాగోలు దాకా రైళ్లు మొదలైనప్పుడే మన స్టేషనూ తెరుచుకుంది. దాన్ని కట్టింది ఎల్ అండ్ టీ. అందుకోసం పెట్టిన ప్రత్యేక కంపెనీలోకి డబ్బు ప్రధానంగా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి, ఎల్ అండ్ టీ ఓనరుగా పెట్టిన వాటా సొమ్ము. రెండు, తెచ్చిన అప్పు.

ఓనరుకి దక్కాల్సింది లాభం. లాభం ఎంతొస్తుందో ముందే ఎవరూ చెప్పలేరు, దానికి పైహద్దూ లేదు. అప్పిచ్చినవాళ్లకు దక్కేది వడ్డీ. రైలు నిండుగా నడిచినా, ఖాళీగా నడిచినా వడ్డీ కట్టాల్సిందే. మెట్రో అనుకున్నంత సంపాదించలేదు. కరోనాలో నెలల తరబడి రైళ్లే ఆగిపోయాయి. నష్టాలు పేరుకుపోయాయి.

2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, రాష్ట్ర ప్రభుత్వం మొదటి దశను తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నాయి. ఆ ఒప్పందంలో లెక్క చూడండి. దాదాపు 13 వేల కోట్ల అప్పును ప్రభుత్వం తన మీద వేసుకుంటుంది. అంటే అప్పిచ్చినవాళ్ల బాకీ అలాగే ఉంది, కట్టేవాడు మారాడంతే. ఓనరు మాత్రం తన వాటాకి 5,900 కోట్ల దాకా అడిగి, చివరికి దాదాపు 2 వేల కోట్లకు సరేనన్నాడు.

ఒకే రైలు, ఒకే పట్టాలు. కానీ దాంట్లో డబ్బు పెట్టిన ఇద్దరి గతి వేర్వేరు. కంపెనీ దగ్గర డబ్బు ఉన్నప్పుడు ముందు వరసలో నిలబడేది అప్పిచ్చినవాడు. అందరికీ పంచాక మిగిలింది ఓనరుది. మిగలకపోతే ఓనరు చేతులు దులుపుకోవాలి. అదే ఎక్కువ మిగిలితే మొత్తం ఆయనదే. షేరుకీ బాండుకీ తేడా మొత్తం ఇంతే.

షేరు: చిన్న ఓనరు కథ

ఒక కంపెనీ షేరు ఒక్కటి కొన్నా మీరు ఆ కంపెనీలో ఓనరే. చిన్న ఓనరు, అంతే. కంపెనీ పెరిగితే మీ షేరు ధర పెరుగుతుంది, లాభంలో కొంత డివిడెండుగా వస్తే అందులో మీ వాటా మీకొస్తుంది. కంపెనీ మునిగితే మీరూ మునుగుతారు.

ఈ మాట హైదరాబాద్ వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. సత్యం కంప్యూటర్స్ అంటే ఒకప్పుడు మన ఊరి గర్వం. 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజు బోర్డుకి ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు. ముందు రోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గర పడింది. ఒక్క రోజులో 78 శాతం మాయం. ఆ ఏప్రిల్లో టెక్ మహీంద్రా షేరుకి 58 రూపాయల చొప్పున పాడుకుని సత్యాన్ని దక్కించుకుంది. 2013లో రెండు కంపెనీలూ కలిసిపోయినప్పుడు 17 పాత షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు.

ఇందులో ఐటీ ఉద్యోగులు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. సత్యంలో పనిచేస్తూ పొదుపు కూడా సత్యం షేర్లలోనే పెట్టుకున్నవాళ్లకు ఆ రోజు రెండు దెబ్బలు తగిలాయి. జీతమూ అనుమానంలో పడింది, దాచుకున్నదీ కరిగిపోయింది. ఈ రోజు మీ కంపెనీ బోనస్ బదులు షేర్లు ఇస్తుంటే సంతోషమే. కానీ జీతం అక్కడిదే, పొదుపూ అక్కడిదే అయితే మీ ఇల్లు ఒకే స్తంభం మీద నిలబడ్డట్టు. చేతికొచ్చిన షేర్లలో కొంత అప్పుడప్పుడూ అమ్మి వేరే చోట పెట్టుకోవడం కంపెనీ మీద అపనమ్మకం కాదు, జాగ్రత్త.

బాండు: రూపాయి వడ్డీ లెక్కలో

బాండు అనగానే మనవాళ్లు అదేదో పెద్దల వ్యవహారం అనుకుంటారు. నిజానికి అది ప్రాంసరీ నోటుకి పెద్దన్న. ఇంత అప్పు, ఇంత వడ్డీ, ఫలానా తేదీకి అసలు తిరిగిస్తాం అని రాసిచ్చే కాగితం.

మన జీహెచ్ఎంసీయే అప్పు చేసింది. 2018 ఫిబ్రవరిలో రోడ్లు, ఫ్లైఓవర్ల పథకం ఎస్ఆర్‌డీపీ కోసం 8.90 శాతం వడ్డీకి బాండ్లు అమ్మి 200 కోట్లు తెచ్చుకుంది. అంటే ఆ ఒక్క విడతకే ఏడాదికి 17.80 కోట్ల వడ్డీ. మూసాపేట, కూకట్‌పల్లి వైపు నుంచి హైటెక్ సిటీకి వెళ్లేవాళ్లకు దారి కలిపిన కైతలాపూర్ ఫ్లైఓవర్ కూడా ఆ పథకంలోదే.

ఇప్పుడు ఈ 8.90 శాతాన్ని మన లెక్కలోకి మారుద్దాం. ఊళ్లో వడ్డీ అంటే నూటికి నెలకి ఎంత అని కదా. 'రూపాయి వడ్డీ' అంటే ఏడాదికి 12 శాతం. 'రెండు రూపాయల వడ్డీ' అంటే 24. ఆ లెక్కన జీహెచ్ఎంసీ ఇచ్చింది సుమారు 74 పైసల వడ్డీ. ఎవరైనా యాప్‌లో శాతాలు చూపించినప్పుడు పన్నెండుతో భాగించి చూడండి, మీకే ఒక అంచనా దొరుకుతుంది. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పు తీసుకునేవాడిని చూస్తే మన తాతలు ఏమనుకునేవాళ్లు? పాపం, వీడికి ఇంకెక్కడా పుట్టడం లేదు అనుకునేవాళ్లు. 36 శాతం ఇస్తామనే స్కీమును చూసినప్పుడు కూడా అదే అనుకోవాలి. బ్యాంకు దగ్గర చౌకగా అప్పు పుట్టే కంపెనీ మీకు అంత వడ్డీ ఎందుకిస్తుంది?

బాండులో ఇంకో మెలిక ఉంది. 2019 ఆగస్టులో జీహెచ్ఎంసీ మరో 100 కోట్లు తెచ్చింది. ఈసారి వడ్డీ 10.23 శాతం. అప్పు తీసుకున్నది అదే కార్పొరేషన్. కొత్త కాగితం మీద 85 పైసల వడ్డీ వస్తుంటే, 74 పైసల పాత కాగితాన్ని మధ్యలో అమ్ముకోవాలంటే పూర్తి ధరకి ఎవరు కొంటారు? వందది కాస్త తగ్గించి ఇవ్వాల్సిందే. అందుకే మార్కెట్లో వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండ్ల ధర తగ్గుతుంది, రేట్లు తగ్గితే పాత బాండ్ల ధర పెరుగుతుంది. గడువు దాకా ఉంచుకునేవాడికి ఈ ఎగుడుదిగుళ్లతో పనిలేదు. మధ్యలో అమ్మాల్సినవాడికే ఆ తలనొప్పి.

అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడితే? ఆ భయం ఎంతుందో చెప్పడానికే రేటింగులు. ఆ భయం అందరికంటే తక్కువ ఉన్నది కేంద్ర ప్రభుత్వ బాండ్లలో. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు మొదలుపెట్టిన 'రిటైల్ డైరెక్ట్' పోర్టల్‌లో ఖాతా తెరిచి, 10 వేల రూపాయల నుంచి మనమే నేరుగా కొనుక్కోవచ్చు. ఇక బ్యాంకు ఎఫ్‌డీ? అదీ అప్పే. మీరు బ్యాంకుకి అప్పిస్తున్నారు. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది.

ఫండు: చీటీ మాత్రం కాదు

మ్యూచువల్ ఫండ్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లకు చీటీ గుర్తొస్తుంది. రెండింట్లోనూ పదిమంది డబ్బు పోగవుతుంది, నిజమే. కానీ చీటీలో పాడుకున్నవాడు డబ్బు తీసుకెళ్తాడు, మిగతావాళ్లు నెలనెలా కడతారు. ఫండులో పాట లేదు. పోగైన డబ్బుతో మేనేజరు షేర్లో బాండ్లో కొంటాడు. ఆ మూటని యూనిట్లుగా చీలుస్తారు. ఒక్కో యూనిట్ రోజువారీ ధరే ఎన్ఏవీ. మూటలో షేర్లుంటే మీరు ఓనర్లు, బాండ్లుంటే అప్పిచ్చినవాళ్లు. ఫండు అనేది మూడో రకం పెట్టుబడి కాదు, ఆ రెండింటికీ వేసిన సంచి.

ఈ సంచి వల్ల లాభమేంటి? మళ్లీ సత్యం రోజుకే వెళ్దాం. అప్పటికి సత్యం సెన్సెక్స్‌లోనూ నిఫ్టీలోనూ ఉంది. ఆ రోజు సత్యం షేరు 78 శాతం పడితే, సెన్సెక్స్ పడింది 7 శాతం చిల్లర. సెన్సెక్స్‌లోని 30 కంపెనీలను యథాతథంగా కొని ఉంచుకునే ఇండెక్స్ ఫండులో ఉన్నవాడికీ దెబ్బ తగిలింది, కానీ కాలు విరగలేదు. ఏ కంపెనీలో ఏ ఉత్తరం బయటపడుతుందో మనకు ముందు తెలియదు. తెలియనప్పుడు చేయగలిగింది డబ్బుని పదిచోట్ల విత్తడమే.

సంచికి కూలి కూడా ఉంటుంది. దాన్నే ఎక్స్‌పెన్స్ రేషియో అంటారు. 2013 జనవరి నుంచి ప్రతి ఫండుకీ 'డైరెక్ట్' రకం ఉంది. అందులో మధ్యవర్తి కమిషన్ ఉండదు. ఒక లెక్క చూడండి. నెలకి 5 వేల చొప్పున పదేళ్లు సిప్ కట్టారు, మొత్తం 6 లక్షలు. ఏడాదికి 12 శాతం పెరిగిందనుకుంటే 11.6 లక్షలవుతుంది. ఖర్చు ఒక్క శాతం ఎక్కువై 11 శాతమే మిగిలితే సుమారు 10.95 లక్షలు. తేడా 67 వేలు! 12 శాతం వస్తుందని గ్యారంటీ లేదు, లెక్క కోసం అనుకున్నామంతే. కానీ ఖర్చు మాత్రం మార్కెట్ లేచినా పడినా కోసుకుంటారు.

బాండ్ల ఫండు అంటే ఎఫ్‌డీ లాంటిదే అని ఎవరైనా చెబితే ఒక నిమిషం ఆగండి. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ తన ఆరు డెట్ ఫండ్లను ఒకేసారి మూసేసింది. సుమారు 25 వేల కోట్లు అందులో ఇరుక్కుపోయాయి. ఎక్కువ వడ్డీ కోసం తక్కువ రేటింగున్న కాగితాలు కొన్నారు. కరోనాలో జనం డబ్బు వెనక్కి అడిగితే ఆ కాగితాలు కొనే నాథుడు లేడు. తర్వాత విడతలవారీగా డబ్బు చేతికొచ్చింది కానీ, ఆ నెలలో ఆసుపత్రి బిల్లు కట్టాల్సినవాడికి ఆ 'తర్వాత' ఏం పనికొస్తుంది?

కాగితం ఎవరి దగ్గరుంది?

ఓనరైనా, అప్పిచ్చినవాడైనా ఇంకో ప్రశ్న వేసుకోవాలి. నా షేర్లు అసలు ఎక్కడున్నాయి? బ్రోకర్ యాప్‌లో కనిపిస్తున్నాయి సరే, అవి ఉండాల్సింది సీడీఎస్ఎల్ లేదా ఎన్ఎస్‌డీఎల్‌లో మీ పేరున్న డీమ్యాట్ ఖాతాలో. ఇదెందుకు చెప్తున్నానంటే, కార్వీ మన ఊరి కంపెనీయే. ఖాతాదారులిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని వాడుకుని వాళ్ల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని 2019 నవంబరు 22న సెబీ దాని మీద ఉత్తర్వులిచ్చింది. కొద్ది రోజుల్లోనే 80 వేల మందికి పైగా ఖాతాదారుల షేర్లు తిరిగి వాళ్ల ఖాతాల్లోకి చేరాయి. మిగతావాళ్లు ఎదురుచూశారు.

ఆ తర్వాత నిబంధనలు బిగించారు. ఇప్పుడు షేర్లు తాకట్టు పెట్టాలంటే మీ ఫోన్‌కి ఓటీపీ రావాలి. ఆ ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డిపాజిటరీ నుంచి మెయిల్‌కొచ్చే స్టేట్‌మెంట్‌ని తెరిచి, యాప్‌లో కనిపించే లెక్కతో సరిచూసుకోండి. ఐదు నిమిషాల పని.

రెండూ కానిది ఒకటుంది

ఇంత చెప్పాక మా తమ్ముడు ఇంకోటి తీశాడు. "అన్నా, ఇవన్నీ స్లో. మా టీమ్‌లో ఒకడు ఆప్షన్స్‌లో నిన్న ఒక్క పూటలో నలభై వేలు లాగాడు."

"ఆ ఆప్షన్ కొన్నప్పుడు వాడు ఏ కంపెనీకి ఓనరయ్యాడు?"

"అలా కాదులే అన్నా..."

"ఎవరికి అప్పిచ్చాడు?"

జవాబు లేదు. ఇండెక్స్ ఆప్షన్ కొంటే మీరు ఓనరు కారు, అప్పిచ్చినవాళ్లూ కారు. ఫలానా రోజుకి నిఫ్టీ ఎటుంటుందో అవతలివాడితో పందెం కట్టినట్టే. మీకు వచ్చేది అవతలివాడి జేబులోంచి రావాలి. మధ్యలో బ్రోకరేజీ, పన్నులు ఎటూ పోతాయి. 2024 సెప్టెంబరులో సెబీ బయటపెట్టిన లెక్క ఇది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి అందరి నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. 2023-24లో ఆడినవాళ్లలో 43 శాతం మంది 30 ఏళ్లలోపు వాళ్లే. నలభై వేలు వచ్చిన రోజు స్క్రీన్‌షాట్ గ్రూపులో పడుతుంది. పోయిన రోజు ఎవడూ పెట్టడు.

మూడు లక్షలు, మూడు గడువులు

చివరికి కాగితం మీద లెక్క వేశాం. ఎంత వస్తుంది అన్నది పక్కనపెట్టి, ఈ డబ్బు ఎప్పుడు కావాలి అని చూశాం.

పెళ్లి డబ్బు 2 లక్షలు. పదహారు నెలల్లో కావాలి. తేదీ మారదు. దీన్ని షేర్లలో పెట్టొచ్చా? 2020 జనవరి 14న నిఫ్టీ 12,362 దగ్గరుంది. మార్చి 23న 7,610. అంటే 2 లక్షలు రెండు నెలల పైచిలుకులో 1.23 లక్షలైనట్టు. నవంబరుకి నిఫ్టీ మళ్లీ పాత ఎత్తుకి చేరింది. నిజమే, ఓపిక పట్టినవాడు బాగుపడ్డాడు. కానీ ఏప్రిల్లో ముహూర్తం పెట్టుకున్న ఇంటికి నవంబరు ఎందుకు? అందుకే ఈ 2 లక్షలూ పెళ్లికి ముందే గడువు తీరేలా బ్యాంకు ఎఫ్‌డీకి వెళ్లాయి. "అరవై పైసల వడ్డీకా అన్నా?" అని మూతి ముడిచాడు. అరవై పైసలైనా, చెప్పిన తేదీకి చేతికొస్తుంది.

మిగిలిన లక్ష అత్యవసర నిధి. వాడి నెల ఖర్చు పాతిక వేలు, అంటే నాలుగు నెలల బతుకు. లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజున అద్దె కోసం నష్టానికి షేర్లు అమ్ముకోకుండా కాపాడేది ఈ లక్షే. ఇది సేవింగ్స్ ఖాతాలో, కొంత వెంటనే తీసుకోగలిగే చిన్న ఎఫ్‌డీల్లో ఉంచాం.

మరి షేర్లు? వచ్చే జీతం నుంచి నెలకి 5 వేలు, నిఫ్టీ ఇండెక్స్ ఫండు, డైరెక్ట్ ప్లాన్. ఏడేళ్లదాకా ముట్టుకోనవసరం లేని డబ్బు మాత్రమే. ఓనరుగా ఉండాలంటే డబ్బుకంటే ముందు కావాల్సింది టైము. ఇరవై ఆరేళ్లవాడి దగ్గర అది బోలెడుంది. అమ్మేటప్పుడు పన్ను సంగతి కూడా చెప్పాను. షేర్లు, షేర్ల ఫండ్లు ఏడాది దాటాక అమ్మితే ఏడాదికి 1.25 లక్షలకు మించిన లాభం మీద 12.5 శాతం. ఏడాదిలోపే అమ్మితే 20 శాతం. 2024 జులై 23 నుంచి ఇదే లెక్క.

ఈసారి ఎవరైనా మీకు స్కీమైనా, స్టాకైనా, యాపైనా చూపిస్తే రిటర్న్ అంకె చూడకముందు నాలుగు మాటలు అడగండి. నేను ఓనర్నా, అప్పిచ్చినవాణ్నా? నా డబ్బు ఎవరి చేతిలో, ఎవరి పేరున ఉంటుంది? నాకు కావాల్సిన రోజున వెనక్కి వస్తుందా? మధ్యలో ఎవరికి ఎంత పోతుంది? నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పినవాడితో ముందుకెళ్లండి. 'అదంతా మీకెందుకు సార్, మేం చూసుకుంటాం' అన్నవాడికి మాత్రం దండం పెట్టి వచ్చేయండి.